మిగిలిన ఒక్క గడి

మా ఆయన కో-డైరెక్టర్. ఆ మాట వినగానే ఎదుటివాళ్ళు "ఓహో, సినిమాల్లోనా" అంటూ కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంటారు. కో-డైరెక్టర్ అంటే ఏమిటో నేను వివరించాక మళ్ళీ వెనక్కి జరుపుకుంటారు. హీరోగారి కారు గేటు దాటిందా లేదా, నిన్నటి షాట్‌లో చొక్కా పై గుండీ పెట్టి ఉందా తీసి ఉందా, డాన్సర్లందరికీ టిఫిను అందిందా, మబ్బు పట్టేలోపు ఇంకో షాట్ అవుతుందా, ఇవన్నీ ఆయన నెత్తి మీదే. డైరెక్టర్లు మారుతుంటారు. ఆయన మాత్రం ఆ డైరెక్టర్ కుర్చీ పక్కన నిలబడే ఉంటాడు. మా పెళ్ళైనప్పటి నుంచీ ఆయన నోట నేను ఎక్కువగా విన్న మాట "పర్లేదులెండి". నాతో అయితే "పర్లేదులే".

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. ఇతరులు రాసిన కోడ్ చదివి, తప్పులు పట్టి, బాగుంటే ఓకే అనడం నా పని. రివ్యూ అంటారు దాన్ని. నేను ఓకే అనేదాకా ఆ కోడ్ గడప దాటదు. బోరబండలో ఉండే మా అమ్మకి ఈ ఉద్యోగం సంగతి చెప్పినప్పుడు ఏమీ ఆశ్చర్యపోలేదు. "చిన్నప్పటి సంది నువ్వు చేస్తున్నది గదే కదా. ఇప్పుడు జీతమిస్తున్రు, అంతే" అంది.

కృష్ణానగర్‌లో మేముండే వాటాకి రెండే గదులు. ఒక గదిలో నేను తప్పులు పడుతుంటాను, రెండో గదిలో ఆయన కథలు రాస్తుంటాడు. ఆ కథల కోసం నేనొక ఎడిటర్ తయారుచేసి ఇచ్చాను. పూర్తిగా నాది కాదు, ఉచితంగా దొరికే ఓ టెక్స్ట్ ఎడిటర్‌కి నేను వేసిన అటక అనుకోండి. అందులో పైన అడ్డంగా ఒక విండోలో కథ ఉంటుంది, అంటే సీనులో ఏం జరుగుతుందన్నది. దాని కింద పక్కపక్కన మరో రెండు విండోల్లో ముఖ్యమైన పాత్రల డైలాగులు ఎవరివి వాళ్ళకు విడివిడిగా ఉంటాయి. స్క్రీన్‌ని ఆ ఎడిటర్ ఒక్కో అక్షరం వెడల్పున్న నిలువు గళ్ళుగా కొలుచుకుంటుంది. ఒక విండో తెరిచినా, మూసినా, ఓ చిన్న కోడ్ లేచి, ఎవరెక్కడ కూర్చోవాలో, ఎవరికి ఎన్ని గళ్ళో మళ్ళీ సర్దుతుంది. సిటీబస్సులో కండక్టర్ చేసే పనే. చూడ్డానికి బాగుంటుందని విండోల మధ్య గీత కూడా నేనే తీసేశాను. కృష్ణానగర్‌లో ఇంకొందరు రచయితలు అడిగితే కోడ్ అంతా అందరికీ కనపడేలా బయట పెట్టాను. ఎవరైనా మార్పులు పంపొచ్చు. ఓకే అనాల్సింది మాత్రం నేనే. ఈ ఒక్క నియమం మా జీవితాల్ని ఇంత దూరం తెస్తుందని అప్పుడు నాకు తెలీదు.

ఆయన దగ్గర ఒక అంబులెన్స్ కథ ఉండేది. ఒకే బండికి ఇద్దరు డ్రైవర్లు, పగలు ఒకడు, రాత్రి ఒకడు. ఇంటర్వెల్ దాకా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. పెళ్ళికి ముందు నుంచీ ఆ కథ నాకు చెబుతూనే ఉన్నాడు. ఎన్నిసార్లు విన్నా, రాత్రి డ్రైవరు సీటు కింద పగటి డ్రైవరు వదిలేసిన టిఫిన్ డబ్బా కనపడే చోట నేను కళ్ళు తుడుచుకునేదాన్ని. అలాంటి కథని జూబ్లీహిల్స్‌లో ఆఫీసున్న ఓ నిర్మాత విన్నాడు, పగటి డ్రైవరుగా ఒక పెద్ద హీరోని, రాత్రి డ్రైవరుగా ఒక చిన్న హీరోని అనుకున్నాడు. చిన్న అన్నది వయసు సంగతే, అయినా ఆ మాట ఆ హీరో మేనేజర్ ముందు అనకూడదు. ఇద్దరికీ ఒకేసారి కథ చెప్పడానికి ఒక పూట దొరికింది. వాళ్ళిద్దరూ ఒక గదిలో కూర్చునే పూట మళ్ళీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఆ పూట కుదిరితే మా ఆయన డైరెక్టరు. తప్పితే కథ ఇంకెవరి చేతికో పోతుంది, ఆయన మళ్ళీ ఆ కుర్చీ పక్కనే నిలబడతాడు.

అప్పుడు ఇద్దరు హీరోల మేనేజర్లూ ఒక షరతు పెట్టారు. కథ నోటితో చెబితే చాలదట. డైలాగులు పెద్ద స్క్రీన్ మీద పక్కపక్కనే కనపడాలి, ఎవరికి ఎన్ని ఉన్నాయో కళ్ళారా చూసుకోవాలి. మా ఆయన "దాందేముందండీ, మా ఆవిడ చేసిన ఎడిటరే ఉంది" అన్నాడు. ముచ్చటగా అన్నాడు పాపం.

ముందస్తుగా స్క్రీన్ చూసుకోవడానికి నిర్మాత ఆఫీసుకి వెళ్ళాం. లాప్‌టాప్ నాది కాబట్టి ఆపరేటర్ నేనే. గోడ మీద మంచమంత స్క్రీన్. ఎడమ పక్క పెద్ద హీరో డైలాగులు, కుడి పక్క చిన్న హీరోవి. పెద్ద హీరో మేనేజర్ కోస్తా మనిషి, తెల్ల చొక్కా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బాగుందమ్మా. ఎడమే మర్యాద. చదివేవాళ్ళ కన్ను ముందు అక్కడే పడుద్ది కదండీ" అన్నాడు. చిన్న హీరో మేనేజర్ బయటికెళ్ళి, కాస్ట్యూమ్స్ వాళ్ళ దగ్గరి టేపు మెడలో వేసుకుని వచ్చాడు. దర్జీ జాకెట్టుకి కొలతలు తీసినట్టు స్క్రీన్‌కి కొలతలు తీశాడు.

"మేడమ్, గీడ జర ఎక్కువుంది" అన్నాడు ఎడమ విండో మీద వేలుపెట్టి.

"ఎంత?"

"దారమంత. కానీ ఉన్నది కదా."

ఉంది. ఆ ఆఫీసు స్క్రీన్ గళ్ళు బేసి సంఖ్యలో వచ్చాయి. బేసిని సగం చేస్తే ఒక గడి మిగులుతుంది, మిగిలింది ఎడమవైపుకి పోతుంది. కోడ్ అలా రాసి ఉంది. మా లాప్‌టాప్‌లో సరిసంఖ్య కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలీలేదు. ఈ మాట వివరించి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

మర్నాడే మార్పులు రావడం మొదలైంది. చిన్న హీరో అభిమాని ఒకబ్బాయి ఏదో కంపెనీలో ప్రోగ్రామరట, మేనేజర్ పట్టుకొచ్చాడు. అతను పంపిన కోడ్‌లో మిగిలిన గడి కుడివైపుకి పోతుంది. పైన వివరణ: "చదవడానికి సౌకర్యం." పెద్ద హీరోవైపు కూడా ఒక ప్రోగ్రామర్ దిగాడు. అతని కోడ్‌లో ఎడమ విండోకి పెట్టిన పేరు "దేవుడు", కుడిదానికి "ఇతరులు". నేను రివ్యూలో రాశాను: "పేర్లు మార్చండి. ఎడమ, కుడి అంటే చాలు." అతని జవాబు: "మేడమ్, పేరు మారిస్తే అర్థం మారిపోతుంది." అవతలి అబ్బాయి ఊరుకుంటాడా, అతని కోడ్‌లో కుడి విండో "సింహం" అయింది, ఎడమది "గెస్ట్ రోల్".

రోజంతా కంపెనీలో ఇలాంటివే చదివి, ఇంటికొచ్చి మళ్ళీ ఇవి చదివేదాన్ని. నిజం చెబుతున్నాను, కంపెనీ కోడ్ కంటే వీళ్ళదే శుభ్రంగా ఉండేది. భక్తి ఉన్నచోట పనితనం ఉంటుంది కాబోలు. ఒక మార్పులో కర్సర్ ఏ విండోలో ఉంటే అది పెద్దదవుతుంది. వినడానికి న్యాయంగానే ఉంది. కింద చూస్తే, కర్సర్ ఎడమ విండో వదిలి కదలకుండా ఇంకో లైను రాసి ఉంది. తిప్పి పంపాను. ఇంకో మార్పులో పోస్టర్ల పద్ధతి తెచ్చారు. ఇద్దరు హీరోల పేర్లు పక్కపక్కన వేసేటప్పుడు ఎడమది కొంచెం కిందికి, కుడిది కొంచెం పైకి వేస్తారు కదా, అప్పుడు ఎవరు ముందో ఎవరికీ తెలీదు. అలాగే ఎడమ విండో ఒక లైను కిందికి దిగింది. దిగేసరికి పెద్ద హీరో చివరి డైలాగు స్క్రీన్ కింద మునిగిపోయింది. ఆయన మేనేజర్ నాకు ఫోన్ చేశాడు.

"అమ్మా, మా బాబుగారు క్లైమాక్స్‌లో మాట్లాడకుండా చూస్తూ నుంచుంటారా?"

"లేదండి, కిందికి జరిపితే కనిపిస్తది."

"జరపాలా? మా బాబుగారి డైలాగు కోసం జరపాలా?"

చివరికి ఇంటర్వెల్ దగ్గర రాజీ కుదిరింది. మొదటి సగం పెద్ద హీరో ఎడమన, రెండో సగం చిన్న హీరో ఎడమన. ఇంటర్వెల్ రాగానే విండోలు రెండూ చోటు మార్చుకుంటాయి. దీనికి రెండు సగాలూ సమానంగా ఉండాలన్నారు. అంటే కోడ్ కోసం కథ జరగాలి. మా ఆయన "పర్లేదులెండి" అని ఒక సీను ఇంటర్వెల్ అవతలికి నెట్టేశాడు. అది అంబులెన్స్‌లో ముసలాయన చనిపోయే సీను. ఆయన దశదిన కర్మ మాత్రం ఇంటర్వెల్ ముందే ఉండిపోయింది. భోజనాలు పెట్టి, ఫొటోకి దండ వేశాక, రెండో సగంలో ముసలాయన బండెక్కుతాడు.

"గిదేంది, చావకముందే కర్మ చేసినవ్?" అన్నాను.

"ఫ్లాష్‌బ్యాక్ అంటాలే" అన్నాడు.

అప్పటికి నాకింకా నవ్వొస్తూనే ఉంది. నవ్వు ఆగిపోయింది ఆఖరి మార్పు చదివినప్పుడు. అది ఇద్దరు ప్రోగ్రామర్లూ కలిసి రాసింది. ఎడమ కుడి అని పేర్లు కూడా మర్యాదగా పెట్టారు. రెండు విండోలూ సమానం, మిగిలిన గడి ఎవరికీ కాదు, ఖాళీ. ఆ ఖాళీ కుడి చివర ఉంటే చిన్న హీరో పక్కన శూన్యం అపశకునమన్నారు కాబట్టి దాన్ని తెచ్చి నడిమధ్యలో పెట్టారు. అంతా బాగుంది. మధ్యలో ఒక లైను ఉంది, ఈ రెండూ కాకుండా ఇంకేమైనా విండోలు తెరిచి ఉంటే మూసెయ్యమని. ఇంకేమైనా అంటే ఉన్నది ఒక్కటే. కథ.

రివ్యూలో రాశాను: "ఈ లైను కథ విండోని మూసేస్తుంది." ఇద్దరి దగ్గర్నుంచీ ఒకే జవాబు వచ్చింది, బహుశా వాళ్ళ జీవితంలో మొదటిసారి: "అది ఎవరూ చూడరు మేడమ్." పక్కన బొటనవేలు బొమ్మ. నిర్మాత ఆఫీసు నుంచి ఫోన్. కోడ్ ఓకే అవకపోతే ఆ పూట వాయిదా అని. వాయిదా అంటే ఈ ఊళ్ళో ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆయన గది గుమ్మంలో నిలబడ్డాడు. "ఓకే చేసెయ్. పర్లేదులే, కథంతా నాకు నోటికొచ్చు."

"ఏంది పర్లేదు? ఇద్దరికీ చెరి సగమిచ్చి నిన్ను బయటికి తోస్తున్రు. గా విండో నీది."

"నాకోసం కాదుగా వాళ్ళొచ్చేది."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. బాధతో కాదు, ఒళ్ళు మండి. ఈ మనిషి టిఫిన్ డబ్బా సీను చెబుతుంటే నేను ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకున్నానో వాళ్ళకేం తెలుసు? ఆయనకి మాత్రం ఏం తెలుసు? నేను వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు కాస్త గట్టిగా కడిగి, వచ్చి మళ్ళీ ఆ కోడ్ ముందు కూర్చున్నాను. తిప్పి పంపితే ఆయన సినిమా పోతుంది. ఓకే అంటే ఆయన కథ పోతుంది. రెండిటికీ మధ్యలో ఒక గడి ఖాళీగా ఉంది.

ఎవరికీ చెందని గడి. ఎవరికిచ్చినా రెండోవాళ్ళు కొట్టుకు చచ్చే గడి. కథ విండోని మూసెయ్యకుండా దాన్ని ఆ గడిలోకి తెచ్చి పెట్టాను. వెడల్పు ఒక్క అక్షరం. కథంతా లైనుకొక అక్షరం చొప్పున కిందికి జారుతుంది. 'అం' కింద 'బు', 'బు' కింద 'లె'. చదవాలంటే మనిషికి ఓపిక ఉండాలి. నా మార్పు నేనే ఓకే చేసుకోవడం పద్ధతి కాదు కనక ఆ ఇద్దరికే రివ్యూకి పంపాను. "మధ్య ఖాళీలో అక్షరాలు వస్తాయి. రెండు వైపులా వెడల్పు మారదు" అని రాశాను. ఇద్దరూ గళ్ళు లెక్కపెట్టుకున్నారు. ఒకతను "గీత బదులు అక్షరాలు, డిజైన్ బాగుంది మేడమ్" అన్నాడు. రెండో అతను బొటనవేలు పంపాడు.

ఆ రోజు రానే వచ్చింది. నిర్మాత ఆఫీసులో ఏసీ చలికి నా వేళ్ళు కీబోర్డు మీద ఆడట్లేదు. పెద్ద హీరో సోఫాలో కళ్ళు మూసుకుని వెనక్కి వాలాడు. చిన్న హీరో స్క్రీన్ వైపు చూడకుండా మా ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ గడి కోసం, దారమంత తేడా కోసం కొట్టుకున్న స్క్రీన్‌ని చూస్తున్నది ఆ గదిలో ఇద్దరే ఇద్దరు, మేనేజర్లు. ఒకాయన మెడలో టేపు అలాగే ఉంది. మా ఆయన మొదట్లో తడబడ్డాడు. టిఫిన్ డబ్బా దగ్గరికొచ్చేసరికి గొంతు కుదురుకుంది. నేను విన్న ప్రతిసారిలాగే చెప్పాడు, నాకు చెప్పినట్టే. తల వంచుకుని కీబోర్డు చూస్తూ ఉండిపోయాను.

ఇంటర్వెల్ వచ్చింది. విండోలు చోటు మార్చుకున్నాయి. కాఫీలొచ్చాయి. పెద్ద హీరో కళ్ళు తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని, మొదటిసారి స్క్రీన్ చూశాడు.

"మధ్యలో ఆ గీతేంటండీ, వణుకుతున్నట్టుంది?"

ఇద్దరు మేనేజర్లూ నిటారుగా సర్దుకున్నారు. తెల్ల చొక్కాయన "తీసేయిస్తానండీ బాబుగారూ" అన్నాడు వెంటనే. నా చెయ్యి దానంతటదే మౌస్ మీదికి పోయింది. ఇప్పుడు మా ఆయన "పర్లేదులెండి, తీసేద్దాం" అంటాడని నాకు తెలుసు. ఆ మాట వినకూడదని కళ్ళు మూసుకున్నాను.

"అది కథండీ" అన్నాడు మా ఆయన.

చిన్న హీరో కూడా స్క్రీన్ వైపు తిరిగాడు. "గంత సన్నగనా? అది లేకుంటే ఏమైతది?"

"లేకపోతే మీ ఇద్దరి డైలాగులూ కలిసిపోతాయండీ. ఎవరిది ఎక్కడ ఆగిందో తెలీదు."

కావాలంటే చూడమన్నట్టు నావైపు తల ఊపాడు. కథ విండో మూశాను. నడిమి గడి అంచుకి పోయి, రెండు విండోలూ ఒకదానికొకటి అంటుకుపోయాయి. చిన్న హీరో "నువ్వెవరు" అన్న డైలాగు నేరుగా పెద్ద హీరో "అన్నం తిన్నావా" లోకి పోయింది. పెద్ద హీరో దాన్ని పైకే చదివి, ఆగి, ఇంకోసారి చదివాడు. ఆయనకి నవ్వొచ్చింది. చిన్న హీరోకి ఇంకా ఎక్కువ వచ్చింది. మేనేజర్లు నవ్వాలో వద్దో తెలీక ఒకరినొకరు చూసుకున్నారు.

"పెట్టేయమ్మా, పెట్టేయ్" అన్నాడు పెద్ద హీరో నాతో. "మీరు చెప్పండి, ఆ ముసలాయన ఏమయ్యాడు? కర్మ అయిపోయింది కదా?"

మా ఆయన ఫ్లాష్‌బ్యాక్ అనలేదు. "సీను తప్పు చోట వేశానండీ. చావు ఇంటర్వెల్ ముందే. సగాలు సమానం చెయ్యడానికి జరిపాం. ఇప్పుడు సరిగ్గా చెబుతాను" అన్నాడు. సరిగ్గా చెప్పాడు. ఆ లెక్కన సగాలు సమానం కాలేదు, ఎవరూ అడగలేదు కూడా. ఇద్దరు హీరోలూ లేచేటప్పుడు మా ఆయన చెయ్యి పట్టుకున్నారు. నిర్మాత పంతులుగారికి ఫోన్ చేసి ముహూర్తం అడిగాడు. టేపు మెడలో వేసుకున్న మేనేజర్ నా దగ్గరికొచ్చి "కథ మంచిగున్నది మేడమ్, నేను ఇంతకుముందు చూడలే" అన్నాడు.

బండి మీద ఫిల్మ్ నగర్ దిగి వస్తూ కృష్ణానగర్ ముందు సిగ్నల్ దగ్గర ఆగాం. ఆయన హెల్మెట్ అద్దం పైకెత్తి కొంచెం వెనక్కి తిరిగాడు.

"ఆ గడి... మరీ ఒక్క అక్షరమేనా? ఇంకొంచెం వెడల్పు కుదురుతుందా?"

"కుదురుతది. కానీ వాళ్ళిద్దరికీ చెరో గడి తగ్గించాలె."

సిగ్నల్ పడేదాకా ఆలోచించాడు. వెనకాల ఆటోవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. ఇక ఆ "పర్లేదులే" వస్తుందని నేను ఎదురుచూస్తున్నాను.

"తగ్గనీ" అన్నాడు, బండి ముందుకు పోనిస్తూ.